ఇరవై మంది పనివారున్న చిన్న సంస్థకు హెచ్‌ఆర్ కన్సల్టెంట్ దగ్గర ఏ పని కొనుక్కోవాలి, ఏ పని మన చేతిలోనే ఉంచుకోవాలి?

బాలానగర్ మెషీనిస్టు

సభ్యులందరికీ నమస్కారం. బాలానగర్‌లో నాకు ఒక చిన్న మెషినింగ్ యూనిట్ ఉంది. రెండు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) లేత్‌లు, ఒక వీఎంసీ (కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ యంత్రం), మూడు పాత లేత్‌లతో పంపుల విడిభాగాలు, డై ఇన్సర్ట్‌లు చేసి ఇస్తుంటాము. ప్రస్తుతం జీతాల పట్టీలో 17 మంది ఉన్నారు. కొత్త ఆర్డరు ఖాయమైతే రెండో షిఫ్టు నడపాలి, అందుకు ఇంకో ఆరుగురిని తీసుకోవలసి వస్తుంది. ఇంతవరకు హాజరు పుస్తకం, జీతాలు నా భార్య చూసుకుంటున్నారు, ఈఎస్‌ఐ చలానా ఆడిటరు గారి ఆఫీసు వాళ్ళు కడుతున్నారు. నియామక పత్రాలంటూ ఎవరికీ ఇవ్వలేదు, మా దగ్గర పనిలో చేరడమంటే మాట మీద చేరడమే.

ఇప్పుడు ఇద్దరు కన్సల్టెంట్లు కొటేషన్లు ఇచ్చారు. మొదటివారు పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ, వృత్తిపన్ను, రిజిస్టర్ల వరకు చూస్తామని, మనిషికి ఇంత చొప్పున నెలవారీ ఫీజు అడిగారు. రెండోవారు నియామకాలు, పాలసీ పుస్తకం, పనితీరు మదింపు, క్రమశిక్షణ చర్యలు అన్నీ తామే చేస్తామని పెద్ద రిటైనర్ (ఏడాది పొడవునా కట్టే స్థిర ఫీజు) చెప్పారు. మొదటివారు మాటల్లో మాటగా, యూనిట్‌లో సగాన్ని నా భార్య పేరిట ఇంకో సంస్థగా రాయించుకుంటే పీఎఫ్ తప్పనిసరి అయ్యే 20 మంది సంఖ్యకు చేరకుండా ఉంటుందని కూడా అన్నారు. ఆ మాట నాకు రుచించలేదు. అయినా అడిగి తెలుసుకుందామని ఇక్కడ పెడుతున్నాను. మా పరిమాణంలో ఉన్న సంస్థ నిజంగా దేనికి డబ్బు పెట్టాలి?

లెక్కల గది

విడదీసే సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆ సలహా మీకు చాలా ఖరీదవుతుంది. ఒకే షెడ్డు, ఒకే కరెంటు మీటరు, ఒకే సూపర్‌వైజరు, అటు ఇటు తిరిగే పనివారు, ఒకే చేతిలో డబ్బు ఉన్నప్పుడు కాగితం మీద రెండు పేర్లున్నా భవిష్య నిధి అధికారులు దాన్ని ఒకే సంస్థగా చూస్తారు. యాజమాన్యం, నిర్వహణ, ఆర్థిక వ్యవహారాలు, శ్రామిక బలం ఒకటేనా అన్నదే వారు పరిశీలించేది. అప్పుడు పాత తేదీ నుంచి చందాలు కట్టమంటారు. ఆలస్యానికి ఏటా 12 శాతం వడ్డీ, దానికి తోడు నెలకు 1 శాతం చొప్పున నష్టపరిహారం పడతాయి. గడిచిన కాలానికి పనివారి వాటాను ఇప్పుడు వారి జీతంలోంచి కోసుకోవడం కుదరదు కాబట్టి వారి వాటా అయిన వేతనంలో 12 శాతం కూడా మీరే భరించాలి.

రెండో సంగతి. మీరు 17 అన్నారు, కానీ రాత్రి కాపలాదారులు, ఊడ్చే ఆవిడ, లోడింగ్ కుర్రాళ్ళు ఏజెన్సీ ద్వారా వస్తున్నారా? కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నవారు కూడా లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. ఆ ఏజెన్సీకి సొంత పీఎఫ్ కోడ్ ఉందో లేదో, ఉంటే మీ దగ్గర పనిచేసేవారి పేర్లు దాని నెలవారీ రిటర్నులో నిజంగా ఉన్నాయో లేదో చలానా కాపీ తెప్పించుకుని చూడండి. ఇవాళే మీరు 20 దగ్గర ఉన్నారేమోనని నా అనుమానం.

ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక మనుషులు తగ్గినంత మాత్రాన బయటికి రావడం ఉండదు. అలాగని భయపడవలసిన పని లేదు. యజమాని వాటా 12 శాతంలో 8.33 శాతం పింఛను పథకానికి, 3.67 శాతం భవిష్య నిధికి వెళుతుంది. నిర్వహణ ఛార్జీ అర శాతం, బీమా అర శాతం అదనం. తప్పనిసరి చందాకు 2014 సెప్టెంబరు నుంచి ఉన్న పరిమితి నెలకు 15,000 రూపాయలు. ఆ పరిమితి మీద లెక్కవేస్తే ఒక మనిషికి మీకు పడేది గరిష్ఠంగా 1,950 రూపాయలు. ఈ మొత్తాన్ని మీ జాబ్‌వర్క్ రేటులో కలిపి కొటేషన్ వేయడం ఈ నెల నుంచే మొదలుపెట్టండి.

బాలానగర్ మెషీనిస్టు

ధన్యవాదాలండీ. కాపలాదారులు ఇద్దరు, ఊడ్చే ఆవిడ ఒకరు, ముగ్గురూ ఏజెన్సీ ద్వారానే వస్తారు. అంటే లెక్క సరిగ్గా 20. ఏజెన్సీ వారిని చలానా అడిగాను, పంపిస్తామన్నారు.

పేరోల్ పని

నేను పదిహేనేళ్ళుగా హైదరాబాద్ చుట్టుపక్కల చిన్న సంస్థలకు ఇదే పని చేసి పెడుతున్నాను. నా జీవనాధారం ఇదేనన్న సంగతి గుర్తుంచుకుని నా మాట చదవండి.

మీ పరిమాణంలో ఉన్నవారికి కన్సల్టెంట్ విలువ ప్రధానంగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే ఉంటుంది. ప్రతి ఒక్కరికి నియామక పత్రం, ఆధార్‌తో సరిపోయే పేరు, యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ సభ్యుడి నంబరు), ఈఎస్‌ఐ నంబరు, సెలవుల ఖాతా, ఓవర్‌టైమ్ రాసే పద్ధతి, జీతపు నిర్మాణం అన్నీ ఆ కాలంలోనే కుదరాలి. అవి కుదిరాక నెలవారీ పని చాలా తగ్గిపోతుంది. కొటేషన్లలో ఈ రెండింటినీ కలిపేసి ఏడాది పొడవునా ఒకే రిటైనర్ అడుగుతారు. మీరు విడదీసి అడగండి. మొదట ఏర్పాటుకు ఒకేసారి ఇచ్చే రుసుము, ఆ తర్వాత చిన్న నెలవారీ ఫీజు.

జీతపు నిర్మాణం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో చెబుతాను. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనం అనే మాటకు ఒకే నిర్వచనం పెట్టారు. ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం వంటి మినహాయింపులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలుపుతారు. మీ వీఎంసీ ఆపరేటరుకు నెలకు 24,000 ఇస్తూ బేసిక్ 8,000, ఇంటి అద్దె 10,000, రవాణా 6,000 అని పాత పద్ధతిలో రాశారనుకుందాం. మినహాయింపులు 16,000, వాటికి అనుమతి ఉన్నది 12,000. మిగిలిన 4,000 వేతనంలో కలిసి అది 12,000 అవుతుంది. పీఎఫ్‌లో అతని వాటా 960 నుంచి 1,440కి పెరుగుతుంది, మీ వాటా కూడా అంతే పెరుగుతుంది. అయిదేళ్ళు పనిచేసి వెళితే గ్రాట్యుటీ, నెల వేతనాన్ని 26తో భాగించి 15తోను, ఏళ్ళతోను గుణిస్తే, 8,000 మీద 23,077 రూపాయలు అయ్యేది 12,000 మీద 34,615 అవుతుంది. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికైతే కొత్త కోడ్ కింద ఏడాది సేవకే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. కొత్త ఆర్డరు కోసం ఆరుగురిని ఏడాది ఒప్పందం మీద తీసుకునే ఆలోచన మీకుంటే ఈ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

పైగా ఆ 8,000 బేసిక్ కనీస వేతనాల చట్రంలో కూడా నిలబడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ కరువు భత్యం ఏప్రిల్‌లోను అక్టోబరులోను మారుతుంది. బేసిక్, కరువు భత్యం కలిపి మీ రకం పరిశ్రమకు వర్తించే కనీస వేతనం కంటే తగ్గకుండా ఉందో లేదో ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి. మీకు వచ్చిన రెండు కొటేషన్లలో ఈ పని ప్రస్తావన ఎక్కడైనా ఉందా? లేకపోతే ఆ కొటేషన్ ఇచ్చినవారు మీ సంస్థను చూడకుండా అంకెలు వేశారని అర్థం.

పూర్వ సూపర్‌వైజర్

యజమానులు, సలహాదారులు మాట్లాడారు కాబట్టి షాప్‌ఫ్లోర్ మీద నిలబడ్డవాడిగా నేను రెండు మాటలు రాస్తాను. జీడిమెట్లలో ఒక ప్యాకేజింగ్ యూనిట్‌లో చాలాకాలం సూపర్‌వైజరుగా పనిచేశాను. కంపెనీకి కన్సల్టెంట్ ఉండేవారు. ఆయన ఆఫీసు నుంచి ఒక కుర్రాడు నెలకోసారి వచ్చి, అకౌంట్స్ గదిలో కూర్చుని, హాజరు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్ళిపోయేవాడు. ఫ్లోర్ మీదికి ఒక్కసారి కూడా రాలేదు. కాగితాలు సక్రమంగానే ఉన్నాయి, పనివారి బాధలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

పేర్ల సంగతే చూడండి. మనవాళ్ళకు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా చివర ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. పెళ్ళయిన ఆడవారికి ఇంటిపేరు మారి ఉంటుంది. పాత కంపెనీ వారు యూఏఎన్ తీసేటప్పుడు ఎలా పడితే అలా కొట్టేశారు. ఆ మనిషి కూతురి పెళ్ళికి పీఎఫ్ అడ్వాన్సు పెట్టుకున్నప్పుడు పేరు కలవలేదని తిరస్కరణ వస్తుంది. అప్పటికి పాత కంపెనీ మూతపడి ఉంటుంది, లేదా ఎవరూ ఫోను ఎత్తరు. అలాగే మనిషి మానేసినప్పుడు మానేసిన తేదీని పోర్టల్‌లో ఎక్కించకపోతే పాత డబ్బు కొత్త ఖాతాకు మారదు. కన్సల్టెంట్‌కు ఇది అయిదు నిమిషాల పని, చేయకపోతే ఆ మనిషికి నెలల తరబడి తిరుగుడు.

ఈఎస్‌ఐ మరీ ముఖ్యం. మెషిన్ షాపులో వేలు నలుగుతుంది, కంట్లో చిప్ పడుతుంది. పని మీద జరిగిన గాయానికి పనిచేయలేని కాలంలో వేతనంలో 90 శాతం చొప్పున భృతి వస్తుంది, దానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు లేదు. కాని పేరు నమోదై ఉండాలి. చేరిన పది రోజుల్లో నమోదు చేయాలని నిబంధన ఉన్నా, ఉంటాడో లేదో చూద్దామని రెండు నెలలు ఆపడం మన పారిశ్రామికవాడల్లో మామూలైపోయింది. కొత్తవాడికే చేయి తిరగక దెబ్బ తగులుతుందని గుర్తుంచుకోండి. మీరు తీసుకోబోయే ఆరుగురినీ మొదటి రోజు మెషిన్ ముట్టుకోకముందే నమోదు చేయించండి. కన్సల్టెంట్ ఒప్పందంలో ఈ ఒక్క షరతు రాయించుకున్నా మీ డబ్బుకు ఫలితం దక్కినట్లే.

ఇంకొక కోరిక. నెలకు ఒక గంట, షిఫ్టు మారే వేళ, ఆ కన్సల్టెంట్‌ను ఫ్లోర్ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఎవరి సందేహాలు వారు వచ్చి అడుగుతారు.

ఆటోనగర్ బాడీ బిల్డర్

విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీ కట్టే షెడ్డు. పీఎఫ్, ఈఎస్‌ఐ కాగితాల వరకు సలహాదారుడు ఉండాలన్నదాన్ని నేను ఒప్పుకుంటాను. కాని రెండో కొటేషన్‌లో ఉన్న నియామకాలు, మదింపు, క్రమశిక్షణ అనే మూడింటినీ బయటివారికి ఇవ్వడాన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను.

వెల్డరు పనివాడో కాదో బయోడేటా చెప్పదు. ఛాసిస్ మీద క్రాస్ బేరర్‌కు ఒక అతుకు వేయించి, చల్లారాక సుత్తితో కొట్టి చూస్తే తెలుస్తుంది. అతను రాడ్ పట్టే తీరులో సగం తెలిసిపోతుంది. మీ దగ్గరికి వచ్చే టర్నరుకు డ్రాయింగ్ ఇచ్చి, మైక్రోమీటరు చేతికిచ్చి, ఒక ముక్క తీయమనండి. ఆ పరీక్ష మీరు గాని మీ ఫోర్‌మన్ గాని పెట్టాలి. ఎంపిక సంస్థలు మనిషిని పంపి ఒక నెల జీతమంత కమీషన్ పుచ్చుకుంటాయి, అతను మూడో నెలలో వెళ్ళిపోతే మళ్ళీ కొత్త మనిషి, కొత్త కమీషన్.

క్రమశిక్షణ విషయంలో కూడా అంతే. ఆలస్యంగా వచ్చినవాడికి మెమో ఎవరో తెలియని ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వస్తే, పక్క షెడ్డుకు వెళ్ళిపోతాడు. యజమాని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇంట్లో తల్లికి బాగోలేదన్న సంగతి బయటపడుతుంది.

పేరోల్ పని

ఆటోనగర్ మిత్రులతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. మాట్లాడవలసింది యజమానే, సందేహం లేదు. కాని మాట్లాడినదాన్ని రాతలో పెట్టే పద్ధతి చెప్పేవారు కావాలి. ఉదాహరణకు మీ ఆటోనగర్‌లో చేరేటప్పుడే అడ్వాన్సు ఇవ్వడం వాడుక. అది ఏ కాగితం మీదా లేకుండా, జీతంలోంచి ఒక నెల అంతా కోసేసుకుంటే, వేతన కోడ్ ప్రకారం మొత్తం కోతలు వేతనంలో సగానికి మించకూడదన్న నియమాన్ని మీరు దాటినట్లవుతుంది. అదే అడ్వాన్సును రిజిస్టరులో రాసి, వాయిదా ఎంతో ఇద్దరూ సంతకం చేసుకుంటే తగవు రాదు. అలాగే ఒకరిని తీసేయవలసి వచ్చినప్పుడు నోటీసు, అతని వివరణ, విచారణ అనే వరుస తప్పితే, కారణం ఎంత న్యాయమైనదైనా కార్మిక శాఖ ముందు నిలబడదు. పనివాడు మానేసినా, మీరు తీసేసినా రెండు పనిదినాల్లో వేతన బకాయి తేల్చాలని ఇప్పుడు నియమం. నెలాఖరుకు రమ్మనే పాత అలవాటు ఇక చెల్లదు.

ఆటోనగర్ బాడీ బిల్డర్

అడ్వాన్సు విషయంలో మీరు చెప్పినది సబబుగా ఉంది. మా షెడ్డులో ఆ రిజిస్టరు పెడతాను. నియామకం గురించి మాత్రం నా మాట మారదు.

రాజమండ్రి ల్యాబ్

నేను రాజమండ్రిలో రోగనిర్ధారణ పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను. సిబ్బందిలో ఎక్కువమంది అమ్మాయిలు. ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి ఉంది. పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలోనూ, 2013 చట్టం ప్రకారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఉద్యోగుల్లో సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుగా, బయటి నుంచి ఒక సభ్యురాలు లేదా సభ్యుడు ఉండేలా దాన్ని వేయాలి. వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. పది మంది లోపు ఉన్నచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు.

మా ఊళ్ళో ఒక సలహా సంస్థ నాకు తయారుగా ఉన్న పాలసీ పుస్తకం ఒకటి అమ్మింది. తెరిచి చూస్తే కెఫెటేరియా, షటిల్ బస్సు, విదేశీ క్లయింట్లు అంటూ ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ కోసమో రాసిన వాక్యాలు యథాతథంగా ఉన్నాయి. మా పిల్లలకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. తెల్లవారుజామున రక్తనమూనా తీయడానికి ఒంటరిగా రోగుల ఇళ్ళకు వెళతారు. ఉద్యోగ పనిలో భాగంగా వెళ్ళిన చోటు కూడా పనిస్థలమేనని చట్టం స్పష్టంగా చెబుతోంది, కాని ఆ పుస్తకంలో ఇంటికి వెళ్ళి నమూనా తీసే పని గురించి ఒక్క ముక్క లేదు. చివరికి మహిళా సంఘాలతో పనిచేసిన ఒక న్యాయవాది గారిని బయటి సభ్యురాలిగా అడిగాము. ఆవిడ మా అమ్మాయిలతో కూర్చుని, కొత్త చిరునామాకు వెళ్ళేముందు రిసెప్షన్‌లో ఏం నమోదు చేయాలి, ఇంట్లో ఆడవారు లేకపోతే ఏం చెయ్యాలి, ఇబ్బంది అనిపిస్తే నమూనా తీయకుండా వచ్చేయవచ్చునా అన్న మూడు విషయాలు తేల్చి, తెలుగులో ఒక్క పేజీ రాయించారు. ఆ పేజీ గోడ మీద ఉంది. ఆ ఇంగ్లీషు పుస్తకం బీరువాలో ఉంది.

బాలానగర్ గారూ, మీ యూనిట్‌లో ఆడవారు తక్కువే కావచ్చు, కాని ఆ ఊడ్చే ఆవిడ ఏజెన్సీ మనిషి అయినా మీ కమిటీ ముందుకు రావడానికి ఆవిడకు హక్కు ఉంది. ఆ సంగతి ఆవిడకు ఆవిడ భాషలో ఎవరైనా చెప్పాలి.

లెస్టర్ నుంచి

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చిన్న కేటరింగ్ వ్యాపారం చేస్తున్నాను, ఇక్కడి పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ ఏకాస్ అనే ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థకు ఉచిత ఫోను సహాయం ఉంది. యజమాని అడిగినా ఉద్యోగి అడిగినా ఒకే సమాధానం చెబుతారు. క్రమశిక్షణ, ఫిర్యాదుల మీద వారి నియమావళిని యజమాని అకారణంగా పాటించకపోతే ట్రైబ్యునల్ పరిహారాన్ని 25 శాతం వరకు పెంచవచ్చు. అందువల్ల నాలాంటి చిన్నవాళ్ళు ఏ చర్యకైనా ముందు ఆ నియమావళి చదువుతారు, ఆ తర్వాతే డబ్బిచ్చే సలహాదారు దగ్గరికి వెళతారు. తెలుగులో ఇలాంటి ఫోను సహాయం ఒకటి ఉంటే రెండు రాష్ట్రాల్లో ఎంతోమందికి మేలు జరుగుతుంది.

కాకినాడ విశ్రాంత అధికారి

చిన్న వ్యాపారులకు మనుషుల విషయంలో సహాయం చేయడం మన నేలకు కొత్త కాదు. 1960వ దశకం మధ్యలో హార్వర్డ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం మా కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో వారికి సాధన ప్రేరణ (ఏదైనా సాధించాలన్న తపనను పెంచే) శిక్షణ ఇచ్చింది. ఆ ప్రయోగాన్ని ఇప్పటికీ ప్రపంచమంతటా మేనేజ్‌మెంట్ తరగతుల్లో చెబుతారు. ఆ సంస్థే నేడు యూసఫ్‌గూడలో ఉన్న జాతీయ ఎంఎస్‌ఎంఈ సంస్థ. బాలానగర్‌లోనే కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ అభివృద్ధి, సౌకర్యాల కార్యాలయం ఉంది, 1968లో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది. బాలానగర్ గారు తన గేటుకు దగ్గరలోనే ఉన్న వీటిని చూడకుండా, నియామకాలకు కమీషన్ ఇవ్వడం నాకు అర్థం కాదు.

అప్రెంటిస్‌ల గురించి కూడా అడగండి. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవడం విధి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవారికి అది ఐచ్ఛికం. మీరు ఐచ్ఛికంగా తీసుకున్నా జాతీయ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. ఆరుగురు కొత్తవారిలో ఇద్దరిని ఐటీఐ నుంచి అప్రెంటిస్‌లుగా తీసుకుని ఏడాది పాటు పని నేర్పితే, మీ పద్ధతి తెలిసిన ఆపరేటర్లు మీకే దొరుకుతారు.

లెక్కల గది

కన్సల్టెంట్‌తో రాసుకునే ఒప్పందం గురించి చెప్పవలసినది ఇంకా ఉంది. నా దగ్గరికి వచ్చే తగవుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఒక క్లయింటు నెలనెలా పీఎఫ్ డబ్బును కన్సల్టెంట్ ఖాతాకు పంపేవారు. కన్సల్టెంట్ రసీదులు పంపేవారు కాదు. చాలా నెలలు గడిచాక పనివాడొకడు ఫోన్‌లో పాస్‌బుక్ చూసుకుని, చందా పడలేదని చెబితేనే తెలిసింది. చట్టం దృష్టిలో కట్టని బాధ్యత యజమానిదే, మధ్యవర్తి తిన్నాడన్న మాట చెల్లదు.

కాబట్టి డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పోర్టల్‌కే వెళ్ళాలి. కన్సల్టెంట్ రిటర్ను తయారు చేస్తారు, చెల్లింపు మీటను మీరు నొక్కుతారు. పీఎఫ్, ఈఎస్‌ఐ రెండింటికీ గడువు తరువాతి నెల 15, మీరు 12వ తేదీకల్లా అడగండి. పీఎఫ్, ఈఎస్‌ఐ పోర్టళ్ళలో నమోదైన మొబైల్, ఈమెయిల్ మీవే అయి ఉండాలి. కన్సల్టెంట్‌కు విడిగా లాగిన్ ఇవ్వగలిగితే ఇవ్వండి, డిజిటల్ సంతకపు టోకెన్‌ను మాత్రం ఎవరి డ్రాయరులోనూ వదలకండి. కన్సల్టెంట్‌ను మానుకునే రోజున జీతాల చరిత్ర, ఫారాలు, వివరాల ఫైళ్ళు అన్నీ తెరవగలిగే రూపంలో అప్పగించాలని, అందుకు వేరే రుసుము ఉండదని ముందే రాయించుకోండి. పనివారి ఆధార్ కాపీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదని కూడా రాయండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ బాధ్యతను మీ మీదే పెట్టింది.

పేరోల్ పని

పై షరతులన్నింటికీ నేను సంతకం పెడతాను, నిజాయితీగా పనిచేసే ఏ కన్సల్టెంట్ అయినా పెడతారు. పెట్టనంటే అక్కడే ఆగిపోండి.

ఒక విషయం మరచిపోకముందే చెబుతాను. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 వరకు చేరే ఉద్యోగాలకు వర్తిస్తుంది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలుపుకుంటే, వేతనాన్ని బట్టి మనిషికి నెలకు 3,000 రూపాయల వరకు రెండేళ్ళు యజమానికి వస్తుంది, తయారీ రంగానికి మూడు, నాలుగు ఏళ్ళకు కూడా పొడిగింపు ఉంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరేవారికి 15,000 రూపాయల వరకు రెండు విడతల్లో వస్తుంది. ఇది అందాలంటే పీఎఫ్ రిటర్నులు సక్రమంగా వేస్తూ ఉండాలి. 20కి చేరకుండా దాక్కునేవారికి ఇందులో ఒక్క రూపాయి రాదు. కొత్తగా పరిధిలోకి వచ్చే సంస్థకు అదనపు మనుషులను ఏ సంఖ్య నుంచి లెక్కిస్తారన్నది దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

బాలానగర్ మెషీనిస్టు

అందరికీ కృతజ్ఞతలు. ఏజెన్సీ నుంచి చలానా వచ్చింది. అందులో కాపలాదారుల్లో ఒకరి పేరు మాత్రమే ఉంది, రెండోవారి పేరు, ఊడ్చే ఆవిడ పేరు లేవు. ఆ ఇద్దరిని వచ్చే నెల నుంచి నేరుగా మా జీతాల పట్టీలోకి తీసుకుంటున్నాను. పీఎఫ్ నమోదు కూడా ఆలస్యం చేయకుండా ఇప్పుడే చేయిస్తాను.

కన్సల్టెంట్ విషయంలో, విడదీయమని సలహా ఇచ్చినవారిని వద్దనుకున్నాను. రెండోవారిని పిలిచి, పాలసీ పుస్తకం, నియామకాలు, మదింపు తీసేసి, ఏర్పాటుకు ఒకసారి రుసుము, ఆ తర్వాత నెలవారీ రిటర్నులు, షిఫ్టు మారే వేళ నెలకో గంట ఫ్లోర్ మీద కూర్చోవడం అనే మూడింటికి కొత్త కొటేషన్ అడిగాను. ఆ గంట సంగతి విని మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత ఒప్పుకున్నారు. టర్నర్ల పరీక్ష మా ఫోర్‌మన్ పెడతారు. అప్రెంటిస్‌ల కోసం టూల్ డిజైన్ సంస్థకు, ఐటీఐకి నేనే స్వయంగా వెళుతున్నాను. కమిటీకి బయటి సభ్యురాలిని వెతుకుతున్నాము.

ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడున్న 17 మందిలో కొందరికి పాత కంపెనీల యూఏఎన్‌లు ఉన్నాయి. పూర్వ సూపర్‌వైజర్ గారు చెప్పినట్లే పేర్లు కలవడం లేదు, ఇద్దరికి మానేసిన తేదీ కూడా లేదు. కొత్త యూఏఎన్ తీసేస్తే తేలికవుతుందా?

పేరోల్ పని

కొత్తది తీయవద్దు. ఒక మనిషికి రెండు యూఏఎన్‌లు ఉంటే పింఛనుకు లెక్కకట్టే సేవాకాలం రెండు ముక్కలవుతుంది. ముందుగా ఆ పాత నంబర్లు ఎప్పుడు పుట్టాయో చూడండి. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో ధ్రువీకరించి ఇచ్చిన యూఏఎన్ అయితే, పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను సభ్యుడే పోర్టల్‌లో సరిచేసుకోవచ్చు, యజమాని అనుమతి అక్కరలేదు. అంతకుముందువైతే యజమాని ఆమోదంతో ఉమ్మడి దరఖాస్తు పెట్టాలి. మానేసిన తేదీని పాత యజమాని వేయకపోతే, చివరి చందా పడిన నెల గడిచి రెండు నెలలైన తర్వాత సభ్యుడు తన లాగిన్‌లోనే వేసుకోవచ్చు. ఆధార్‌కు కలిపిన మొబైల్ నంబరు ప్రస్తుతం వారి చేతిలో ఉన్నదేనా అన్నది మొదట అడగండి, సగం మంది దగ్గర అది ఎప్పుడో మార్చేసిన సిమ్ అయి ఉంటుంది. అది సరిచేయించాకే మిగతావి మొదలుపెట్టండి.

పూర్వ సూపర్‌వైజర్

ఆధార్ కేంద్రానికి వెళ్ళే రోజు వారికి జీతంతో సెలవు ఇవ్వండి. పూట పోతుందని చాలామంది వెళ్ళరు.

బాలానగర్ మెషీనిస్టు

ఇస్తాను. షిఫ్టుకు ఇద్దరిద్దరు చొప్పున సోమవారం నుంచి పంపిస్తున్నాను.